కిలో పండ్లు కొంటే ఎన్ని కప్పుల గుజ్జు? తూకానికీ కొలతకీ లెక్క కుదుర్చుకోవడం ఎలా

రైతుబజారులో మామిడిపండ్లు కిలోల్లో తూస్తారు. పనసకాయని తట్టి చూసి, కాయ లెక్కన బేరమాడతాం. అరటిపళ్ళు డజను, సీతాఫలాలు పోగు. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాక వీడియోలో ‘రెండు కప్పుల గుజ్జు’ అంటారు. పెద్దవాళ్ళ కాగితంలో ‘సోలెడు రసానికి గిద్దెడు పంచదార’ అని ఉంటుంది. కొన్నది ఒక లెక్క, వండాల్సింది ఇంకో లెక్క. ఈ రెంటి మధ్య వంతెన ఇంట్లోనే వేసుకోవచ్చు. ఒక డిజిటల్ కాటా, ఒక గిన్నె, కాసిని నీళ్ళు ఉంటే చాలు.

ముందు మీ గిన్నె సంగతి తేల్చుకోండి

‘కప్పు’ అనేది ఒకే కొలత కాదు. అమెరికా వంటల్లో కప్పంటే 240 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా వంటల్లో 250. మన బజార్లో దొరికే ప్లాస్టిక్, స్టీలు కప్పుల సెట్లు ఈ రెంటిలో ఏదో ఒకటి. టీ తాగే కప్పు వీటిలో ఏదీ కాదు. స్టీలు గ్లాసుల సంగతి ఇక చెప్పక్కర్లేదు, ఒకే ఇంట్లో మూడు సైజులుంటాయి. అందుకని మొదటి పని ఇది:

1. కాటాని గట్టి గచ్చు మీదో బల్ల మీదో సమంగా పెట్టండి. ఒత్తితే కదిలే చోటైతే అంకె నిలవదు.
2. ఖాళీ గిన్నె పెట్టి, ‘టేర్’ అని రాసున్న బటన్ నొక్కి సున్నాకి తెండి.
3. అంచు వరకూ నీళ్ళు పోయండి. గిన్నెని కాటా మీదే ఉంచి పోయాలి, నింపి తెచ్చి పెట్టకూడదు. దారిలో ఒలికిన నీళ్ళు లెక్కలోంచి పోతాయి, గిన్నె అడుగున తడి లెక్కలోకి వస్తుంది.
4. కనిపించిన గ్రాములే మిల్లీలీటర్లు. నీటికి గ్రాము అంటే మిల్లీలీటరు.

ఆ అంకెని పర్మనెంట్ మార్కర్‌తో గిన్నె అడుగున రాసేయండి. ఈ వ్యాసంలో దీన్ని ‘నీటి తూకం’ అందాం. ఇక ముందు లెక్కంతా దీనిమీదే నడుస్తుంది.

అటక మీద పాత ఇత్తడి సోల, గిద్ద ఉన్నవాళ్ళు వాటినీ ఇలాగే కొలవండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. వరస అందరికీ ఒకటే కానీ సోలలో పట్టే నీళ్ళు ఊరికో తీరుగా ఉండేవి. పక్క జిల్లా చుట్టాలు చెప్పిన సోలెడు మీ సోలెడు కావాలని లేదు. కాగితంలో వీశెలు, మణుగులు కనిపిస్తే మాత్రం అవి తూకాలు: వీశె సుమారు 1.4 కిలోలు, ఎనిమిది వీశెలు ఒక మణుగు.

పండు పేరు కాదు, దాని రూపం చూడండి

చాలామంది ‘మామిడికి కప్పుకి ఎంత, బొప్పాయికి కప్పుకి ఎంత’ అని పండు పేరుతో మొదలుపెడతారు. తేడా ఎక్కువగా పండులో లేదు, దాన్ని ఏం చేశామన్నదాంట్లో ఉంది. అదే మామిడిపండు ముక్కలుగా కోస్తే 240 మి.లీ. కప్పులో 165 గ్రాములు పడుతుంది. గుజ్జు తీస్తే 250 దాటుతుంది. పండు ఒకటే, కప్పు ఒకటే, 90 గ్రాములు తేడా. ఆ తేడా ఎక్కడికి పోయిందో చూడాలంటే ముక్కలు నింపిన కప్పులో నీళ్ళు పోసి చూడండి. దాదాపు 80 మి.లీ. నీళ్ళు ముక్కల సందుల్లోకి దిగిపోతాయి. అంటే ముక్కల కప్పులో మూడో వంతు వట్టి గాలి.

అందుకని గుర్తుపెట్టుకోవాల్సింది నాలుగు రకాలే:

రసం: నీటి తూకానికి 1.03 రెట్లు.
నున్నటి గుజ్జు: 1.0 నుంచి 1.06 రెట్లు. తీపి ఎక్కువైన కొద్దీ పైకి జరుగుతుంది.
చిన్న ముక్కలు, గింజలు: 0.6 నుంచి 0.7 రెట్లు.
తురుము: 0.33 దగ్గర మొదలు. ఎంత నొక్కితే అంత పెరుగుతుంది కాబట్టి దీన్ని నమ్మకండి.

మీ గ్లాసు నీటి తూకం 210 అనుకుందాం. గ్లాసు మామిడి ముక్కలంటే 210ని 0.69తో గుణించండి, 145 గ్రాములు. అదే గ్లాసు గుజ్జయితే 1.06తో గుణించి 223. ఇంతే లెక్క. తూకం నుంచి కొలతకి రావాలంటే తిరగేసి భాగించండి: 500 గ్రాముల గుజ్జు కావాలి, గ్లాసుకి 223 పడుతుంది, అంటే సుమారు రెండుంబావు గ్లాసులు.

ముక్కలు కొలిచేటప్పుడు చెయ్యి ఎలా పడుతుందన్నది కూడా లెక్కే. ముక్క సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఉండాలి. కప్పులో వదులుగా వేసి, రెండుసార్లు తట్టి, అంచుకి సమంగా చెయ్యాలి. గోపురంలా పోస్తే పావు వంతు అదనంగా వచ్చేయొచ్చు. వేలితో నొక్కితే రసం కారి ముక్క మెత్తబడి ఇంకో 20, 30 గ్రాములు దూరుతుంది. నాలుగు సెంటీమీటర్ల పెద్ద ముక్కలు కోసి చిన్న కప్పుతో కొలిస్తే అంచుల దగ్గర ఖాళీలు పెరిగి బరువు బాగా తగ్గుతుంది. అందుకే పెద్ద ముక్కలు, కాయలు, తొనలు కప్పులో కొలవడం దండగ. వాటిని తూచాలి.

మామిడి: కొన్న కిలోకి దక్కేది ఎంత

ఇక్కడ రెండు లెక్కలు కలిసిపోయి గందరగోళం అవుతుంది. కొన్న బరువులో తొక్క, టెంక ఉంటాయి. వంటకి కావాల్సింది గుజ్జు. కోసి ముక్కలు చేస్తే సుమారు నూటికి 70 పాళ్ళు దక్కుతుంది. చేత్తో పిండి గుజ్జు తీసి, జల్లెడ పడితే 55 నుంచి 65 మధ్య. బంగినపల్లికి టెంక పల్చన, కండ ఎక్కువ. రసాలకి పీచు ఎక్కువ, టెంక మీద మిగిలిపోయేదీ ఎక్కువ. విజయనగరం వైపు తోటల్లోంచి వచ్చే సువర్ణరేఖ రంగు చూసి మురిసిపోవచ్చు గానీ, గుజ్జు లెక్క మాత్రం మీ చేత్తో తేల్చుకున్నాకే చెప్పాలి. కాయ సైజుని బట్టి, చెట్టుని బట్టి మారుతుంది.

సీజన్‌లో మొదటి విడత పండ్లతో ఈ పని ఒక్కసారి చెయ్యండి. కడిగి తుడిచిన పండ్లు తూచండి. తొడిమ కోసి, సొన కారనిచ్చి, తొక్క తీసి పిండండి. టెంకని కూడా చేత్తో బాగా పిండి, గుజ్జుని జల్లెడలోంచి దింపండి. వచ్చిన గుజ్జు తూచి, దాన్ని మొదటి బరువుతో భాగించండి. రెండు కిలోలకి 1,200 గ్రాములు వస్తే మీ అంకె 0.6. రకం పేరు, నెల, ఈ అంకె ఒక కాగితం మీద రాసి అల్మారా తలుపు లోపల అంటించండి. వచ్చే ఏడాదికి మీకన్నా మంచి సలహా ఇచ్చేవాళ్ళు ఉండరు.

ఇక కొనేటప్పుడు వెనక నుంచి లెక్కెయ్యండి. పాయసానికి మూడు కప్పుల గుజ్జు కావాలి. కప్పుకి 255 చొప్పున 765 గ్రాములు. దాన్ని 0.6తో భాగిస్తే 1,275. ఒకటో రెండో లోపల నల్లబడినవి రాక మానవు కాబట్టి 1.4 కిలోలు తూయించండి. కిలో చాలనుకుని వెళ్ళి, చివర్లో పాలు పోసి సరిపెడితే ఆ పాయసంలో మామిడి వాసన వెతుక్కోవాలి.

గుజ్జు మిక్సీలో తిప్పాక వెంటనే కప్పుతో కొలవకండి. గాలి కలిసి ఉబ్బి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, చెంచాతో రెండు తిప్పులు తిప్పి, నురుగు దిగాక కొలవండి. కాటా మీద తూస్తే ఈ బెడద లేదు, ఆ కాస్త గాలి బరువు లెక్కలోకి రాదుగా.

జిగురు గుజ్జుకి ఇంకో కిటుకు. కప్పులో పోసి ఒంచితే అడుగునా అంచునా పది, పదిహేను గ్రాములు అంటుకుపోతుంది. గుజ్జున్న పెద్ద గిన్నెని కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. అక్కడి నుంచి గరిటెతో తీసి మూకుట్లో వేసుకోండి. కాటా మీద మైనస్ 250 కనిపిస్తే మీరు 250 గ్రాములు తీశారని అర్థం. కప్పు కడిగే పనీ తప్పుతుంది.

పనస: కాయ బరువు చూసి మోసపోవద్దు

ఉద్దానం పనసకాయ పది కిలోలుందంటే తినే తొనలు మూడు కిలోల దగ్గరే. ఉజ్జాయింపుగా నూటికి 28 నుంచి 35 పాళ్ళు మాత్రమే తొన. మిగతాది తొక్క, పీచు, నడిమి కాడ, గింజలు. గింజలు పారెయ్యం కాబట్టి అవి నష్టం కాదు గానీ, తొనల లెక్కలోకి మాత్రం రావు. చాలామంది గింజతో సహా తొనలు తూచి ‘కిలో ఉంది’ అనుకుంటారు. గింజ తీశాక మళ్ళీ తూచండి.

వరస ఇది: కత్తికీ చేతులకీ నూనె రాయండి, లేకపోతే జిగురు వదలదు. కాయని నిలువుగా కోసి, నడిమి కాడ చెక్కేయండి. తొనలు వలిచి, పీచు లాగి, గింజ తీసి అప్పుడు తూచండి. సన్నగా తరిగితే 240 మి.లీ. కప్పుకి 165 గ్రాములు, అంగుళం ముక్కలైతే 150. మాగిన మెత్తటి తొనయితే గుజ్జుకి జల్లెడ పట్టాలి. పీచుతో పాటు మిక్సీలో తిప్పితే కప్పు నిండినట్టు కనిపిస్తుంది, హల్వాలో మాత్రం తాళ్ళు తగులుతాయి.

పచ్చి పనసపొట్టు కూరకి కప్పు లెక్క అసలు పనికిరాదు. పొట్టు తురుములాంటిదే. కొట్టినవాళ్ళ కత్తి ఎంత సన్నగా ఆడిందన్నదాన్ని బట్టి కప్పులో బరువు మారిపోతుంది. పైగా ఉడికించి నీళ్ళు పిండాక అది సగానికి సగం కుంగుతుంది. ఆవ, ఉప్పు, చింతపండు రసం పచ్చి పొట్టు తూకానికి లెక్కేసుకోండి. ఉడికిన తర్వాత కప్పుతో కొలిచి వేస్తే పిండిన చేతి బలాన్ని బట్టి రోజుకో రుచి వస్తుంది.

మిగతా పండ్లు, 240 మి.లీ. కప్పు లెక్కన

అరటి: మెత్తగా చిదిపితే 225 గ్రాములు, చక్రాలుగా కోస్తే 150. తొక్క బరువు నూటికి 36 పాళ్ళు కాబట్టి కప్పు గుజ్జుకి తొక్కతో 350 గ్రాములు కొనాలి. అమెరికా వంటల్లో ‘ఒక మీడియం అరటిపండు’ అంటే తొక్క తీశాక 118 గ్రాములు. అంటే వాళ్ళ రెండు పండ్లు ఒక కప్పు. మన చిన్న చక్కెరకేళి మూడు నాలుగు పడితే గానీ అంత రాదు. కేకుకి మాత్రం పండ్లు లెక్కపెట్టకండి, తూచండి. గుజ్జు 60, 70 గ్రాములు ఎక్కువైతే కేకు నడిమధ్యలో బంకలా ఉండిపోతుంది, పైన ఎర్రబడినా లోపల ఉడకదు.

అనాస: ముక్కలు 165. తొక్క, కళ్ళు, కాడ తీసేస్తే సగం పోతుంది. సీతంపేట కొండల నుంచి వచ్చే కాయ కిలోన్నర తూగితే 750 గ్రాముల ముక్కలు, అంటే నాలుగున్నర కప్పులు. పంచదార చల్లి పక్కన పెట్టాక కొలవద్దు. అరగంటలో రసం ఊరి ముక్క ముడుచుకుంటుంది, అదే కప్పులో ఎక్కువ పడుతుంది.

బొప్పాయి: ముక్కలు 145, చిదిపితే 230. తొక్క, గింజల కింద నూటికి 38 పోతుంది.

సీతాఫలం: గింజ తీసిన గుజ్జు 250. కొన్న బరువులో 55 పాళ్ళు దక్కితే గొప్పే. కొండ కాయ చిన్నదైతే గింజలు ఎక్కువ, ఇంకా తగ్గుతుంది. బాసుంది కోసం కప్పు గుజ్జు కావాలంటే అరకిలో కాదు, 600 గ్రాములు తీసుకోండి.

సపోటా గుజ్జు 240. జామ ముక్కలు 165. దానిమ్మ గింజలు 174, కాయలో దక్కేది సగం కన్నా కాస్త ఎక్కువ. పుచ్చకాయ ముక్కలు 152. గింజలేని ద్రాక్ష 151. నేరేడు గింజతో 135. బత్తాయి, కమలా తొనలు 180. ఆపిల్ ముక్కలు 125. ఎండు ద్రాక్ష వదులుగా 145, నొక్కితే 165. ఖర్జూరం తరిగితే 147. కొబ్బరి తురుము వదులుగా 80, గట్టిగా నొక్కితే వంద దాటుతుంది.

మీ కప్పు 250 అయితే ఈ అంకెలకి నూటికి 4 చొప్పున కలుపుకోండి. మామిడి ముక్కలు 165 కాస్తా 172 అవుతాయి. కూరకీ పాయసానికీ ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. కేకుకీ జామ్‌కీ పట్టించుకోవాలి.

చెంచాల సంగతి: టీ చెంచా 5 మి.లీ., పెద్ద చెంచా 15. ఆస్ట్రేలియా వంటల్లో పెద్ద చెంచా 20, నిమ్మరసం దగ్గర ఇది దెబ్బకొడుతుంది. ఔన్సుల్లో ఉంటే 28 గ్రాములు, పౌండు 454.

చింతపండుకి మన కొలత వేరే ఉంది: ‘నిమ్మకాయంత’, ‘ఉసిరికాయంత’. నవ్వొద్దు, ఇదీ ఘనపరిమాణం లెక్కే. గింజ, పీచు తీసిన చింతపండుని గుండ్రంగా నొక్కితే నిమ్మకాయంత ఉండ 25, 30 గ్రాములు తూగుతుంది, ఉసిరికాయంతది 15కి అటూ ఇటూ. తేడా ఎక్కువగా పాత, కొత్త చింతపండు దగ్గర వస్తుంది. కొత్తది తడి మీద ఉంటుంది, బరువు తూగినంత పులుపు ఉండదు.

కొలత చాలే చోట, తూకమే కావాల్సిన చోట

ప్రతిదాన్నీ గ్రాముల్లోకి మార్చాలని లేదు. ఆవకాయ లాంటి వాటికి పెద్దవాళ్ళు అన్నీ ఒకే గిన్నెతో కొలిచేవారు: ఇన్ని సోలల ముక్కలకి ఇంత కారం, ఇంత ఆవగుండ, ఇంత ఉప్పు. గిన్నె ఏదైనా పాళ్ళు మారవు కాబట్టి అది నడుస్తుంది. అందులో సగం మార్చి సగం ఉంచితేనే చెడుతుంది. ముక్కలు కిలోల్లో తూచి, గుండలు పాత కాగితం ప్రకారం సోలల్లో వేస్తే పాళ్ళు ఎటో పోతాయి. మారిస్తే మొత్తం మార్చండి, లేదా వదిలేయండి.

ఉప్పు దగ్గర ఇంకో గొయ్యి ఉంది. మెత్తటి ఉప్పు కప్పుకి 290 గ్రాములు తూగుతుంది. కల్లుప్పు పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి అదే కప్పులో తక్కువ పడుతుంది. కాగితంలో ‘గిద్దెడు ఉప్పు’ అంటే అది కల్లుప్పుని ఉద్దేశించి రాసింది కావచ్చు. ప్యాకెట్ ఉప్పు గిద్దెడు పోస్తే ఊరగాయ నోట్లో పెట్టలేరు. కల్లుప్పు గిద్దెడు పోసి తూచి, అన్నే గ్రాముల మెత్తటి ఉప్పు వెయ్యండి.

‘సమపాళ్ళు’ అన్న మాట కూడా అడిగి తెలుసుకోవాలి. కప్పు గుజ్జుకి కప్పు పంచదార అంటే 255 గ్రాములకి 200. కిలోకి కిలో అంటే 255కి 255. రెండూ సమపాళ్ళే, తీపి మాత్రం ఒకటి కాదు. బెల్లమైతే కప్పుతో అసలు కొలవకండి. దంచిన బెల్లం, తురిమిన బెల్లం, చెక్కలు, మూడూ మూడు రకాలుగా పడతాయి.

జామ్: ఎప్పుడు దించాలో కాటాయే చెబుతుంది

తూకం పూర్తిగా పనికొచ్చేది ఇక్కడ. చెంచా మీంచి జారే తీగ చూసి, పళ్ళెంలో చుక్క వేసి చూసి దించడం అలవాటు. అనుభవం ఉంటే అదే చాలు. లేనివాళ్ళకి లెక్క దారి చూపిస్తుంది.

మన దేశంలో ఆహార ప్రమాణాల ప్రకారం జామ్‌లో కరిగిన ఘనపదార్థం (ఎక్కువగా పంచదారే) నూటికి 65కి తగ్గకూడదు. అంతకి తక్కువైతే నీరు ఎక్కువై బూజు పడుతుంది. బాగా ఎక్కువైతే చల్లారాక పంచదార పలుకులు కడుతుంది.

1. ఖాళీ మూకుడు తూచి రాసుకోండి. 850 గ్రాములనుకుందాం.
2. కిలో మామిడి గుజ్జు వెయ్యండి. మాగిన గుజ్జులో నూటికి 16 పాళ్ళు ఘనపదార్థం అనుకుంటే అది 160 గ్రాములు.
3. పంచదార 750 గ్రాములు, అంటే మూడుముప్పావు కప్పులు. మొత్తం ఘనపదార్థం 910.
4. 910ని 0.65తో భాగిస్తే 1,400. జామ్ బరువు అక్కడికి రావాలి. మొదలుపెట్టింది 1,750, అంటే 350 గ్రాముల నీరు ఆవిరవ్వాలి.
5. ఉడుకుతుండగా మధ్యలో మూకుడు దించి, కాటా మీద చెక్క పీట పెట్టి సున్నా చేసి, దాని మీద మూకుడు పెట్టండి. 2,250 కనిపించగానే పని అయిపోయింది. నిమ్మరసం చివర్లో వెయ్యండి.

వేడి మూకుడు నేరుగా కాటా మీద పెట్టకండి, గాజు పలక పగలొచ్చు, లోపలి సెన్సర్ పాడవుతుంది. ఉడుకుతున్న జామ్‌ని గరిటె గుర్తులతోనో మూకుడు అంచు చూసో ‘మూడో వంతు తగ్గింది’ అని అంచనా వెయ్యొద్దు. నురుగు, బుడగలు కలిసి ఎత్తు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది.

సీసాలు ఎన్ని కావాలో కూడా ముందే తెలుస్తుంది. జామ్ నీటికన్నా బరువు, మిల్లీలీటరుకి 1.3 గ్రాములు. 1,400 గ్రాములంటే సుమారు 1,080 మి.లీ. పావులీటరు సీసాలు నాలుగు నిండి, ఒక చిన్న గిన్నెలో మిగులుతుంది. ఆ మిగిలింది పిల్లలకి.

తాండ్ర: పళ్ళెం కొలత, పొర మందం

విజయనగరం జిల్లా భీమాలి పేరు చెబితేనే మామిడి తాండ్ర గుర్తొస్తుంది. అక్కడ చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెడతారు. ఇంట్లో పళ్ళెంలో పోసేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు మొదటి పొర మందంగా పోయడం. పైన చర్మం కట్టి లోపల తడి మిగిలిపోతుంది, రెండో రోజుకి పులుస్తుంది.

పొర మూడు మిల్లీమీటర్లు మించకూడదు. అది కంటితో తేలదు, తూచి పోస్తే తేలుతుంది. 40 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు ఉన్న పళ్ళెం అంటే వెయ్యి చదరపు సెంటీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల పొరకి 300 మి.లీ. కావాలి, పంచదార కలిపిన గుజ్జయితే సుమారు 330 గ్రాములు. పళ్ళెం మీ ఇంట్లో ఏ సైజుదైనా పొడవుని వెడల్పుతో గుణించి, 0.3తో మళ్ళీ గుణిస్తే మి.లీ. వస్తుంది. గుండ్రటి పళ్ళెమైతే వ్యాసార్ధాన్ని దానితోనే గుణించి, 3.14తో, ఆపైన 0.3తో గుణించండి.

కిలో గుజ్జుకి 150 గ్రాముల పంచదార కలిపితే, ఎండాక తాండ్ర 390 గ్రాముల దగ్గర తేలుతుంది. ఒక్కో పొర ఆరాక మిల్లీమీటరు మందం మిగిలితే ఎక్కువే. అందుకే చూడ్డానికి అరంగుళం లేని తాండ్ర ముక్కకి పది పొరలు పడతాయి. బయట కొన్నప్పుడు ధర ఎక్కువనిపిస్తే ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. పొర పోసే ముందు పళ్ళేన్ని కూడా తూచిపెట్టుకుంటే, సాయంత్రం మళ్ళీ తూచి ఎంత నీరు పోయిందో తెలుసుకోవచ్చు. మబ్బు పట్టిన రోజు బరువు పెద్దగా తగ్గకపోతే మర్నాడు కొత్త పొర పోయొద్దు.

కాటా లేకపోతే

మి.లీ. గీతలున్న లీటరు జగ్గు, అందులో తేలే చిన్న తేలికపాటి గిన్నె ఉంటే తూకం తెలుసుకోవచ్చు. జగ్గులో సగానికి నీళ్ళు పోసి, ఖాళీ గిన్నెని తేలించి నీటి మట్టం చూడండి. పండు ముక్కలు గిన్నెలో వేసి మళ్ళీ చూడండి. నీరు ఎన్ని మిల్లీలీటర్లు పైకి లేస్తే ముక్కలు అన్ని గ్రాములు. తేలే వస్తువు తన బరువుకి సరిపడా నీటిని పక్కకి తోస్తుంది, అంతే సూత్రం. గిన్నె జగ్గు గోడకి ఆనుకోకూడదు, అడుగు తగలకూడదు, ఒరిగి నీళ్ళు లోపలికి పోకూడదు. పది, ఇరవై గ్రాముల తేడా వస్తుంది. పాయసానికి చాలు, జామ్‌కి చాలదు.

కాటా ఉన్నా ఐదు గ్రాముల లోపు వాటికి దాన్ని నమ్మకండి. యాలకుల గుండ, పచ్చకర్పూరం లాంటివి చిటికెలోనో చెంచాలోనో కొలవడమే మేలు. బ్యాటరీ అయిపోవస్తున్నప్పుడు కాటా అబద్ధం చెబుతుంది. అనుమానం వస్తే విప్పని కిలో పంచదార ప్యాకెట్ పెట్టి చూడండి. ప్యాకెట్ కవరు బరువు కలిపి కిలోకి నాలుగైదు గ్రాములు ఎక్కువ చూపించాలి.

గుజ్జు ఫ్రీజర్‌లో దాచేవాళ్ళకి

కప్పుల లెక్కన కాదు, వంట లెక్కన సంచులు కట్టండి: పాయసానికి 250, జామ్‌కి 500. నీరు గడ్డకడితే నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బుతుంది కాబట్టి డబ్బాలో పైన అంగుళం వదలండి, లేకపోతే మూత లేచిపోతుంది. ముక్కలు దాచేవాళ్ళు గడ్డకట్టక ముందే తూచాలి. కరిగాక ముక్క చచ్చుబడి రసం వదులుతుంది, అప్పుడు కప్పుతో కొలిస్తే 165 బదులు 200 పైన పడుతుంది. కరిగిన రసాన్ని ఒంపెయ్యకుండా ముక్కలతో పాటే వెయ్యండి, బరువు లెక్క దాంతోనే వేశారు. సంచి మీద బరువు, తేదీ, పంచదార కలిపారో లేదో, కలిపితే ఎంతో రాయండి. చివరిది రాయడం మర్చిపోయిన సంచి తీస్తే రుచి చూశాకే పంచదార వెయ్యాలి.